తోడు పెట్టని క్లబ్బులు

ఫుట్‌బాల్ గురించి నేను రాయడమేమిటని మీలో సగం మంది ఈపాటికే పేజీ తిప్పబోతూ వుంటారు. ఆగండి. పొయ్యిమీద పప్పు వుంటే దించేసి వచ్చి మరీ చదవండి. నవలలు రాసుకునే దానికి ఈ బంతిగోల ఎందుకని మా ఇంట్లోవాళ్ళే అడిగారు. నిజమే, ఆట సూక్ష్మాలు నాకంతగా తెలియవు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో మా అబ్బాయి ఉప్పుడబ్బా, కారం డబ్బా, పోపులపెట్టె బల్లమీద వరసగా పేర్చి మూడుసార్లు చెప్పాడు. మూడోసారికి నాకు అర్థమైంది గాని, కారం డబ్బా మూత ఊడి వాడికి తుమ్ములు పట్టుకున్నాయి.

ఆట తెలియకపోయినా బంతి వెనకాల పరిగెత్తే పిల్లల సంగతి మనకి తెలుసు. వాళ్ళకి అన్నం పెట్టేది మనం. గీసుకుపోయిన మోకాలికి పసుపు అద్దేది మనం. బూట్లకోసం చీటీపాట డబ్బులో కొంత పక్కకి తీసేదీ మనమే. కాబట్టి పిల్లల మీద డబ్బు పెట్టాలా వద్దా అన్న చర్చ ఎక్కడ జరిగినా అందులో మాట్లాడే హక్కు మనకి వుంది. మనల్ని ఎలాగూ ఎవరూ పిలవరు గనక, పిలవకుండానే వెళ్ళి కూచోవాలి.

ఇంతకీ ఆ చర్చ ఏమిటంటే, కోటీశ్వరుల అండ లేని చిన్న ఫుట్‌బాల్ క్లబ్బులు చిన్నపిల్లలకి ఆట నేర్పే అకాడమీల మీద డబ్బు ఖర్చుపెట్టాలా, లేక ఆ డబ్బుతో ఎక్కడో తయారైన ఆటగాళ్ళని తెచ్చుకుని ఈ ఏటి పోటీలు గట్టెక్కాలా అని. హైదరాబాదులో ఒక చిన్న క్లబ్బు వ్యవహారాలు చూసే పెద్దమనిషి ఒకాయన మా బంధువుల పెళ్ళిలో నా పక్క విస్తట్లో కూచున్నాడు. మాటల్లో ఈ సంగతి వచ్చింది. ఆయన పప్పు కలుపుకుంటూ నాకు పాఠం చెప్పాడు.

“అక్కా, మీకు తెల్వదు. పోరగాండ్లను ఎనిమిదేండ్లప్పుడు తెచ్చుకోవాలె, పదేండ్లు సాకాలె. బూట్లు మనవే, కోచ్ జీతం మనదే, గుడ్లు, అరటిపండ్లు మనవే. పద్దెనిమిది నిండంగనే పెద్ద క్లబ్బోడు కారేసుకొని వస్తడు, ఎత్తుకపోతడు. మనకేం మిగుల్తది? చినిగిన నెట్టు మిగుల్తది. పరాయోని కోసం మనమెందుకు పెంచాలె?”

నా చేతిలో ముద్ద చేతిలోనే వుండిపోయింది. ఆ మాట నాకు కొత్తది కాదు. మీకూ కొత్త కాదు. మన అమ్మమ్మలు విన్నారు, అమ్మలు విన్నారు, మనలో చాలామంది పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున విన్నాం. “ఆడపిల్లకి చదువెందుకే, ఎలాగూ పరాయింటికి పోయేదేగా!” అన్న మాటే అది. చీర మార్చుకుని ఫుట్‌బాల్ బనీను తొడుక్కుని వచ్చింది, అంతే.

1874లో ధవళేశ్వరంలో వీరేశలింగం గారు ఆడపిల్లల బడి పెట్టిననాడు కూడా లెక్కలు తెలిసిన పెద్దమనుషులు ఈ కూడికలూ తీసివేతలూ చేసే వుంటారు. పలక మనది, పుస్తకం మనది, పంతులు గారి జీతం మనది. తీరా పిల్ల ఎవరింటి పద్దులు రాస్తుంది? అత్తింటివి! లెక్క తప్పని ఎవరూ అనలేరు. కూడిక సరిగ్గానే వుంది. కాని ఆ పెద్దమనిషి కొడుక్కి వచ్చిన చదువుకున్న కోడలు కూడా ఎవరో ఒకరు ‘పరాయింటి కోసం’ చదివించిన పిల్లే గదా! అందరూ ఆయనలాగే లెక్క వేసుకుంటే ఆ కోడలు ఎక్కణ్ణుంచి వచ్చేది? ఈ ఒక్క ప్రశ్న ఆ లెక్కలో ఎప్పుడూ రాదు.

అయితే క్లబ్బు తండ్రి కాదు, నిజమే. ఒకటో తారీఖున జీతాలివ్వాలి, బస్సు కిరాయి కట్టాలి. ధర్మపన్నాలతో బస్సు కదలదు. అంచేత ఆ పెద్దమనిషి పద్దు పుస్తకం తెరిచే మాట్లాడదాం.

మొదట మన ఊరి చరిత్రే చూడండి. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 ఏళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్పు కూడా తెచ్చింది. ఆ జట్టుని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు వృత్తిరీత్యా బడిపంతులు. 1943 నుంచి 1963లో కన్నుమూసేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఆయన శిక్షణలోనే మన దేశం 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. ఒంట్లో కాన్సర్ పెట్టుకుని ఆ జట్టుని నడిపించిన మనిషి మరుసటి ఏడు జూన్‌లో వెళ్ళిపోయాడు. ఆయన మీద 2024లో హిందీలో ‘మైదాన్’ అనే సినిమా వచ్చింది, మీలో కొందరు చూసే వుంటారు.

సినిమావాళ్ళకి పతకం ముఖ్యం. నాకు మాత్రం ఆ పంతులు గారు పతకానికి ఎన్నో ఏళ్ళ ముందు ఇక్కడి కుర్రాళ్ళతో చేయించిన పనులు ముఖ్యమనిపిస్తాయి. బంతిని కాలి దగ్గరే అట్టేపెట్టుకుని ఒక్కడే షోకులు పోకుండా వెంటనే పక్కవాడికి అందించి తీరాలన్న నియమంతో పోటీలు పెట్టారు. కుడికాలి వాటం పిల్లలు ఎడంకాలితోనే తన్నాలని ఇంకో రకం పోటీలు పెట్టారు. వీటికి పెద్ద స్టేడియం కావాలా? విదేశాల నుంచి యంత్రాలు రావాలా? ఒక మైదానం, ఒక ఈల, బుర్రలో ఒక ఆలోచన, అంతే కావలసింది.

సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేదింటి కుర్రాడు వుండేవాడు. రహీం గారి కంటబడ్డాడు. రోజూ అంతదూరం నుంచి మైదానానికి రావడానికి డబ్బుల్లేవంటే, అద్దె సైకిలు డబ్బులు నేనిస్తాను, రా అన్నారని ఆటవాళ్ళు చెప్పుకుంటారు. ఆ కుర్రాడు మెల్బోర్న్‌లో ఆడాడు, జకార్తాలో బంగారు పతకం గెలిచిన జట్టులో వున్నాడు. 2023లో పోయినప్పుడు దేశమంతా తలుచుకుంది. అకాడమీ అంటే కోట్లు కావాలనే క్లబ్బులవాళ్ళకి నేను చెప్పేదొకటే. మన దగ్గర అకాడమీ సైకిలు అద్దెతో మొదలైంది.

ఇప్పుడా పెద్దమనిషి అంటాడు, “సూశినవా అక్కా! ఆ బలరాం ఆఖరికి యాడికి పోయిండు? కలకత్తకే గదా!” అవును, పోయాడు. 1957లో ఈస్ట్ బెంగాల్ జట్టుకి వెళ్ళాడు. తరవాత నయీముద్దీన్ వెళ్ళాడు, హబీబ్ వెళ్ళాడు. కలకత్తా క్లబ్బులు ఏళ్ళ తరబడి మన పిల్లల్ని తీసుకుపోతూనే వున్నాయి. అయినా మనం ఆరిపోయామా? బలరాం వెళ్ళాక ఎనిమిదేళ్ళకి, 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఒకడు వెళితే ఇంకొకడు తయారుగా వుండేవాడు. ఎవరో ఎత్తుకుపోయినందుకు మన ఆట ఎండిపోలేదు. నేర్పే పంతుళ్ళు తగ్గి, మైదానాలు కుంచించుకుపోయి, కింద నుంచి ఊట ఆగిపోయాకే ఎండింది. ఆ ట్రోఫీ మళ్ళీ మన చేతికి రాలేదు.

దీనికి వంటింటి ఉదాహరణ ఒకటి చెబుతాను, మగవాళ్ళకి అర్థం కాకపోతే మీరే విడమరిచి చెప్పండి. ఇంట్లో పెరుగు తోడుపెడతాం. పక్కింటావిడ గిన్నె పట్టుకొచ్చి, “వదినా, కాస్త తోడుంటే ఇస్తావా?” అంటుంది. చెంచాడు ఇస్తాం. మన పెరుగు తరిగిందా? మర్నాటికి మళ్ళీ గిన్నెనిండా గడ్డపెరుగు! తోడు ఇచ్చినందువల్ల ఏ ఇల్లూ చెడిపోలేదు. తోడు పెట్టడం మానేసి రోజూ అంగడినుంచి పెరుగు పొట్లాలు తెచ్చుకునే ఇల్లు మాత్రం, అంగడి మూసిన రోజున మజ్జిగ చుక్క కూడా లేకుండా కూచుంటుంది.

ఆ అంగడి మూసిన రోజు మనకి వచ్చింది కూడా. 2019లో పూణె జట్టు స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే క్లబ్బు వెలిసింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ జట్టుని పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు ఎత్తుకొచ్చింది. సంతోషమే! మా అబ్బాయి ఆ రాత్రి సోఫా స్ప్రింగులు విరగ్గొట్టాడు. మన వైపు గోలు కొట్టింది గోవా కుర్రాడు, పెనాల్టీలు ఆపింది గోవా గోల్‌కీపర్. పరాయివాళ్ళని నేననను, ఆడినన్నాళ్ళూ మన బనీనే తొడిగారు, మన పేరే నిలబెట్టారు. కాని ఆ తరవాత డబ్బు ఇబ్బందులు వచ్చాయి, జీతాల గొడవలు వచ్చాయి, ఆటగాళ్ళు చెట్టు కదిలిస్తే పిట్టల్లా లేచిపోయారు. 2024లో యజమాని మారాడు. 2025లో జట్టు జట్టంతా ఢిల్లీ వెళ్ళి అక్కడ కొత్త పేరు పెట్టుకుంది. కొని తెచ్చిన వైభవం కొన్నవాడి జేబు వెంటే పోతుంది. దానికెవర్నీ తిట్టి లాభం లేదు. వేళ్ళు దిగని చెట్టుని కుండీతో సహా ఎత్తుకుపోవచ్చు.

అదే మా రంగారెడ్డి జిల్లాలో ఇంకో ఉదాహరణ వుంది. మొయినాబాద్ వైపు అజీజ్‌నగర్లో మైదానమున్న శ్రీనిధి దక్కన్ క్లబ్బు 2015లో మొదలైంది. పెద్ద జట్టు పెట్టకముందే పిల్లల జట్లని తయారుచేసి కుర్రాళ్ళ లీగుల్లో ఆడించింది. 2021-22లో ఐ-లీగ్‌లో అడుగుపెట్టింది. 2022-23లోనూ 2023-24లోనూ రెండో స్థానంలో నిలిచింది. దాని వెనక విద్యాసంస్థల అండ వుంది, అన్ని క్లబ్బులకీ అంత కలిమి వుండదు, ఒప్పుకుంటాను. పెద్ద జట్టులో బయటినుంచి తెచ్చినవాళ్ళూ వున్నారు, అదీ ఒప్పుకుంటాను. నేను గమనించమనేది వరస. ముందు నారు, తరవాత నాటు.

ఇంగ్లీషువాళ్ళ ఉదాహరణ లేకపోతే కొందరికి వాదన వాదనలాగే కనిపించదు. అంచేత అదీ చూద్దాం, అదీ నాకు వ్యతిరేకమైనదే చూద్దాం. లండన్లో బ్రెంట్‌ఫర్డ్ అని ఒక చిన్న క్లబ్బు. పెద్ద క్లబ్బులు తమ పిల్లల్ని నామమాత్రం పరిహారంతో తీసుకుపోతున్నాయని విసిగిపోయి 2016లో అకాడమీ మూసేసింది. 2021లో అక్కడి పెద్ద లీగులోకి ఎగబాకింది కూడా! నాకీ కథ చెప్పినవాళ్ళందరూ ఇక్కడితో ఆపేస్తారు. తరవాతి ముక్క నేను చెబుతాను. అకాడమీ మూసిన ఆ క్లబ్బు, ఇతర క్లబ్బుల అకాడమీలు పనికిరారని పంపేసిన కుర్రాళ్ళని ఏరుకుని ఇంకో జట్టు కట్టుకుంది. అంటే ఎవరో తోడుపెట్టిన పెరుగునే తిన్నారన్నమాట! లండన్ చుట్టూ వీధికో అకాడమీ వుంది గనక ఏరుకోగలిగారు. మన దగ్గర ఏరుకోవడానికి ఎవరు పారేశారు, ఎక్కడ పారేశారు? ఇంకా అసలు కొసమెరుపు ఏమిటంటే, 2022లో బ్రెంట్‌ఫర్డ్ వాళ్ళు అకాడమీ మళ్ళీ తెరిచారు.

ఇక రూపాయల మాట. పెంచినవాళ్ళకి చిల్లిగవ్వ రాదనడం కూడా పూర్తి నిజం కాదు. ఆటగాణ్ణి ఒక దేశపు క్లబ్బు నుంచి ఇంకో దేశపు క్లబ్బు డబ్బిచ్చి తీసుకుంటే, ఆ సొమ్ములో నూటికి 5 వంతులు అతన్ని 12 నుంచి 23 ఏళ్ళ మధ్య తయారుచేసిన క్లబ్బులన్నీ పంచుకోవాలని ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య నియమం పెట్టింది. కోటి రూపాయల బేరం అయితే 5 లక్షలు. 12 నుంచి 15 ఏళ్ళ దాకా నాలుగేళ్ళు పెంచిన చిన్న క్లబ్బుకి అందులో లక్ష వస్తుంది. మొదటిసారి వృత్తి ఆటగాడుగా సంతకం చేసినప్పుడు శిక్షణ పరిహారమని వేరే పద్ధతి కూడా వుంది. ఈ డబ్బుతో మేడలు కట్టలేరు, నేను ఆశలు పెట్టను. మనలో ఎంతమంది పిల్లలు దేశం దాటి ఆడతారు గనక! కాని ఒక్క పిల్లవాడు దాటినా ఆ లక్ష చేతికి రావాలంటే, వాడు ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా మా దగ్గర నేర్చుకున్నాడన్న నమోదు కాగితం వుండాలి. రేషన్ కార్డులో పేరు లేకుండా బియ్యం రాలేదని డీలర్‌తో పోట్లాడితే ఏం లాభం?

ఇప్పుడు మా ఇబ్రహీంపట్నం సంగతికి వస్తాను. నాగార్జునసాగర్ రోడ్డు మీద, నగరం మింగెయ్యడానికి నోరు తెరుచుకుని వస్తున్న ఊరు మాది. చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు, వాటికి మైదానాలు, మైదానాలకి గోడలు, గోడలకి గేట్లు, గేట్లకి తాళాలు. సాయంత్రం అయిదింటికి కాలేజీ బస్సులు వెళ్ళిపోయాక ఆ పచ్చగడ్డి మీద ఒక్క పురుగు తిరగదు. మా ఊరి పిల్లలు ఎక్కడ ఆడతారో తెలుసా? ప్లాట్ల వెంచర్లలో. రంగులేసిన హద్దురాళ్ళే వాళ్ళకి గోలుపోస్టులు. ఎవరో ఒకాయన ప్లాటు కొంటాడు, కంచె వేస్తాడు, గోలుపోస్టులు ఇంకో వెంచర్‌కి తరలిపోతాయి. మాది సంచార ఫుట్‌బాల్.

ఇంకోవైపు నగరంలో ఎటు చూసినా ‘అకాడమీ’ బోర్డులే. నెట్టు కట్టిన పచ్చటి తివాచీ, గంటకింత అద్దె, నెలకింత ఫీజు, బనీను వేరే, బూట్లు వేరే. డబ్బున్న పిల్లలు ఆడుకుంటే నాకేం కడుపుమంట లేదు, ఆడుకోనివ్వండి. కాని నెట్టు బయట నిలబడి, బంతి బయటికి వచ్చినప్పుడు మాత్రం ఒక్క తన్ను తన్ని లోపలికి పంపే పిల్లాడున్నాడు చూశారూ, వాడి కాలివైపు ఎవరూ చూడరు. బలరాం ఈ రోజుల్లో పుడితే ఆ నెట్టు బయటే వుండేవాడు. ఫీజు కట్టగలిగిన వాళ్ళకి మాత్రమే నేర్పేది వ్యాపారం. చెయ్యండి, తప్పులేదు. దాన్ని అకాడమీ అని, ఆటకి సేవ అని అనకండి. నేను చిన్న క్లబ్బుల్ని పెట్టమంటున్నది ఆ రకం బోర్డులు కాదు.

మరి ఏమిటి పెట్టమంటున్నాను? హాస్టలు కట్టమనను. ఎనిమిదేళ్ళ పిల్లవాణ్ణి తల్లి ఒళ్ళోంచి లాక్కుపోయి డార్మిటరీలో పడుకోబెట్టమని ఏ తల్లి అంటుంది? పిల్లవాడు తన ఇంట్లోనే వుంటాడు, తన బడికే వెళతాడు. క్లబ్బు ఇవ్వాల్సింది వారానికి నాలుగు సాయంత్రాలు, చదువుకున్న ఒక శిక్షకుడు, ఇద్దరికో బంతి, ఆట అయ్యాక ఒక గుడ్డో అరటిపండో. మైదానానికి సర్కారు బడినో కాలేజీనో అడిగి సాయంత్రం తాళంచెవి పుచ్చుకోవాలి. పన్నెండేళ్ళలోపు పిల్లలకోసం అఖిల భారత సమాఖ్య 2018లో గోల్డెన్ బేబీ లీగ్స్ అని మొదలుపెట్టింది. చిన్న మైదానం, చిన్న జట్లు, మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసి ఆడొచ్చు, తల్లిదండ్రులూ ఊరివాళ్ళూ పూనుకుని నడపొచ్చు. బయటినుంచి తెచ్చే ఒక పేరున్న ఆటగాడి ఏడాది ఖర్చుని క్లబ్బువాళ్ళు ఒక కాగితం మీద రాసి, పక్కన ఈ ఖర్చు రాసి చూడమనండి. పెళ్ళిలో నాకు పాఠం చెప్పిన ఆ పెద్దమనిషికి కూడా నేను ఇదే చెప్పాను. ఆయన పెరుగు వడ్డించమని కేకేశాడు.

క్లబ్బే కాకపోయినా పల్లె పిల్లల మీద ఓపిగ్గా పెట్టిన పెట్టుబడి ఎలా వుంటుందో చూడాలంటే అనంతపురం వెళ్ళండి. విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో ఆ కరువు జిల్లాలో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, తరవాతి కాలంలో అక్కడ ఒక క్రీడాగ్రామమే కట్టింది. వేరుశనక్కాయ రైతుల పిల్లలు, ఆడపిల్లలతో సహా, అక్కడ ఫుట్‌బాల్ ఆడుతున్నారు. ఆ ఎర్రమట్టిలో సాధ్యమైంది మన చెరువుకింద సాధ్యం కాదా?

ఇంతా చెప్పి, తల్లుల వైపు నుంచి కొన్ని షరతులు పెట్టకపోతే నేను ఈ పేజీలో రాయడమే దండగ.

మొదటిది చదువు. పిల్లలందరూ ఆటగాళ్ళవరు. నూరుమందిలో ఒకడైతే గొప్ప. మిగతావాళ్ళ గతేమిటని అడిగే హక్కు మనది. బడి మాన్పించి మైదానంలో వుంచుతామనే క్లబ్బు గుమ్మం తొక్కకండి. మిగిలిన ఆ పిల్లలే రేపు రిఫరీలు, వ్యాయామం మాస్టర్లు, శిక్షకులు, టిక్కెట్టు కొని చప్పట్లు కొట్టేవాళ్ళు అవుతారు. వాళ్ళని వృథా సరుకుగా లెక్కేసే క్లబ్బుకి రేపు చూడ్డానికి వచ్చేవాళ్ళు కూడా వుండరు.

రెండోది భద్రత. ఇంగ్లండులో క్రూ అని రైల్వే ఊరొకటి వుంది, మన కాజీపేట లాగా. అక్కడి చిన్న క్లబ్బు పిల్లల్ని తయారుచేయడంలో చాలా ఏళ్ళు పేరు మోసింది. చిన్న క్లబ్బులకి దాన్నే ఆదర్శంగా చూపిస్తారు. కాని 1980లలో అక్కడ పనిచేసిన ఒక శిక్షకుడు ఎందరో మగపిల్లల జీవితాల్ని పాడుచేశాడు. ఆ పిల్లలు పెద్దవాళ్ళై నోరు విప్పాక 2018లో కోర్టు వాడికి మూడు పదుల ఏళ్ళకి పైగా జైలుశిక్ష వేసింది. ఆటలో పైకి రావాలన్న పిల్లవాడి ఆశే దుర్మార్గుడి చేతిలో ఆయుధం. అంచేత ఏ సారైనా సరే, ఎంత పేరున్నవాడైనా సరే, పిల్లవాణ్ణి ఒంటరిగా వెంటబెట్టుకుని వెళ్ళకూడదు. తల్లి ఎప్పుడు వచ్చినా మైదానం గేటు తెరిచి వుండాలి. అడిగితే చిరాకుపడే చోట మన పిల్లవాడికి పని లేదు.

మూడోది ఆడపిల్లలు. అకాడమీ అనగానే ఇరవైమంది మగపిల్లల ఫొటో వేస్తే ఊరుకోవద్దు. నిజామాబాద్ జిల్లాలో లంబాడీ కుటుంబంలో పుట్టిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ జట్టుకి వెళ్ళింది. 2024-25కి అఖిల భారత సమాఖ్య ఆమెని దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. ఏ పెద్ద నగరం కన్నది ఆ పిల్లని? ఊళ్ళో ఎవరో ఒకరు మొదట బంతి చేతికిచ్చారు, ఇంట్లో ఎవరో ఒకరు నిక్కరు వేసుకోవడానికి ఒప్పుకున్నారు. ఆ రెండూ జరగక ఆగిపోయిన సౌమ్యలు మన వీధుల్లో ఎంతమందో!

ఒక్క మాట మిగిలింది. అకాడమీ పెట్టిన క్లబ్బుకి మొదటి ఏడాది కప్పు రాదు. రెండో ఏడాది రాదు. ఐదో ఏటికి కూడా రాకపోవచ్చు. ఈలోగా ఎదుటి క్లబ్బు ఎవర్నో కొనుక్కొచ్చి ఊరేగింపు తీస్తుంది. ఆ ఓపిక లేకే చాలామంది మొదలుపెట్టి మానేస్తారు. ఓపిక గురించి క్లబ్బు కార్యదర్శులకి పాఠం చెప్పగలిగిన వాళ్ళెవరైనా వుంటే అది మనమే. తొమ్మిది నెలలు మోసి, ఇరవై ఏళ్ళు పెంచి, ఉద్యోగం రాగానే బెంగుళూరుకో అమెరికాకో రైలూ విమానమూ ఎక్కించి, ఆవకాయ జాడీ కట్టి చెయ్యి ఊపుతాం. ‘నష్టం’ అని ఏ తల్లైనా పద్దు రాసుకుందా?

మా ఊరి పెద్ద చెరువుని ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో తవ్వించారంటారు. నాలుగువందల ఏళ్ళ పైమాట. కట్ట మీద మట్టి తట్టలు మోసిన ఆడవాళ్ళలో ఒక్కరు కూడా ఈ నీళ్ళతో పండిన ఇన్ని పంటల అన్నం తినలేదు. కిందిపొలం ఎవరిదో చూసి తట్ట ఎత్తివుంటే చెరువు వుండేది కాదు.

కాబట్టి అక్కల్లారా, చెల్లెళ్ళారా, మీ ఊళ్ళో ఏ చిన్న క్లబ్బువాళ్ళయినా చందాకో, పోటీల టిక్కెట్టుకో మీ గుమ్మంలోకి వస్తే, డబ్బు ఇచ్చేముందు ఒక్క మాట అడగండి. “మీ దగ్గర పన్నెండేళ్ళలోపు పిల్లలు ఎంతమంది ఆడుతున్నారు బాబూ? అందులో ఆడపిల్లలెందరు?” జవాబు చెబితే చందా ఇవ్వండి. నీళ్ళు నమిలితే, ఓ గ్లాసు మజ్జిగ ఇచ్చి పంపండి. మన ఇంట్లో తోడుపెట్టిన పెరుగుదే సుమా!